ఘబ్రాహట్‌ని తెలుగులో ఏమంటారు మామూ?

మన పిల్లలు మూడు జబాన్ల మధ్య పెరుగుతున్నారు. ఇంట్లో ఉర్దూ, అదీ మన హైదరాబాదీ దక్కనీ. స్కూల్లో ఇంగ్లిష్. 2018లో చట్టం వచ్చాక తెలంగాణలో ఏ బోర్డు స్కూలైనా తెలుగు నేర్పక తప్పదు కాబట్టి వారంలో కొన్ని పీరియడ్లు తెలుగు. ఇన్ని భాషలు వచ్చిన పిల్లాడికి లోపల గుండె దడదడలాడుతుంటే మాత్రం చెప్పుకోవడానికి ఒక్క మాట దొరకదు. "క్యా హువా బేటా?" అని అడగండి, "ఫైన్" అంటాడు. ఇంకోసారి అడిగితే "బోర్" అంటాడు. మూడోసారి అడిగితే తలుపు ధడాల్‌మని వేసుకుంటాడు. ఆ రెండు ఇంగ్లిష్ ముక్కల కింద భయం ఉందో, గుస్సా ఉందో, ఎవరి మీదైనా బెంగ ఉందో మనకీ తెలియదు, వాడికీ తెలియదు.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి. అందుకే మా ఖాందాన్‌లో పిల్లల తెలుగు హోంవర్క్ అంతా నా దగ్గరికే వస్తుంది. మా చెల్లెలి కొడుకు, తొమ్మిదేళ్లవాడు, పోయిన చలికాలంలో ఒకరోజు నోట్‌బుక్ మూసేసి అడిగాడు: "మామూ, ఘబ్రాహట్‌ని తెలుగులో ఏమంటారు?" అది హోంవర్క్ ప్రశ్న కాదు. దాని వెనక ఒక నెల రోజుల కడుపునొప్పి ఉంది.

చెల్లె వాళ్లది మణికొండలో అపార్ట్‌మెంట్. మియాబీవీ ఇద్దరూ ఐటీ ఉద్యోగులే, ఒకరు గచ్చిబౌలిలో, ఒకరు రాయదుర్గంలో. స్కూల్ బస్ పొద్దున ఏడు కాకముందే గేటు దగ్గరికి వస్తుంది. సరిగ్గా ఆ టైముకి మా భాంజా పొట్ట పట్టుకుని "పేట్ దుఖ్రా" అని సోఫాలో ముడుచుకుపోయేవాడు. రెండు సోమవారాలు ఇంట్లోనే ఉంచేశారు. డాక్టర్ చూశారు, స్కాన్ తీశారు, అంతా నార్మల్. సెలవు రోజు నొప్పి ఉండదు, ఆదివారం మగ్రిబ్ దాటితే మళ్లీ మొదలు. పక్కింటి ఆంటీ నజర్ తగిలిందంది. మా అమ్మీ, అంటే వాడి నానీ, ఎండుమిరపకాయలు దిగదుడిచింది. స్కూల్ ఎగ్గొట్టడానికి బహానా అని ఒక చుట్టం తేల్చేశాడు.

బహానా కాదు. భయపడినప్పుడు మన ఒళ్లు పరిగెత్తడానికో తలపడడానికో సిద్ధమవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలకు రక్తం ఎక్కువగా పోతుంది, జీర్ణం పని వెనక్కి పోతుంది. అందుకే పొట్ట మెలిపెడుతుంది, వాంతి వచ్చినట్టవుతుంది, అరచేతులు చల్లబడతాయి. పెద్దవాళ్లం "టెన్షన్‌గా ఉంది" అంటాం. పిల్లాడికి ఆ మాట చేతికందదు కాబట్టి వాడి తరఫున కడుపే మాట్లాడుతుంది. స్కాన్‌లో కనిపించనంత మాత్రాన ఆ నొప్పి ఝూట్ అయిపోదు.

ఐటీ కారిడార్ ఇళ్ల సంగతి మీలో చాలామందికి నాకన్నా బాగా తెలుసు. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు అక్కడ మన పిల్లలు ఉద్యోగాలు చేస్తారని మా మొహల్లాలో ఎవరూ అనుకోలేదు. ఇప్పుడు టోలీచౌకీ, షేక్‌పేట, మణికొండ అంతా ఆ ఉద్యోగాలతోనే నడుస్తోంది. అల్‌హందులిల్లాహ్, రోజీరోటీ దొరికింది. దాంతోపాటు అమెరికా టైము మన హాల్లోకి వచ్చి కూర్చుంది. ఇషా తర్వాత పిల్లాడు కబుర్లు చెప్పే వేళకి పప్పాకి కాల్ మొదలవుతుంది. "చుప్, పప్పా కాల్‌లో ఉన్నారు." పిల్లలు చుప్‌గా కూర్చుంటారు. చుప్‌గా కూర్చున్నవాళ్లకి చెవులు ఇంకా బాగా పనిచేస్తాయి.

ఈ వయసు పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టి "ఏం ప్రాబ్లమ్?" అని అడిగితే అది వాళ్లకి పోలీస్ స్టేషన్‌లా ఉంటుంది. పక్కపక్కన నడుస్తున్నప్పుడు, చేతిలో ఏదో పని ఉన్నప్పుడు మాట బయటికొస్తుంది. వాడు ఘబ్రాహట్ గురించి అడిగిన రోజు అసర్ తర్వాత వాణ్ణి తీసుకుని హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా వైపు నడిచాను. హుస్సేన్‌సాగర్‌కి ఆ పేరు ఈ బుజుర్గ్ వల్లే వచ్చిందని చెబుతూ పోతున్నాను. వాడు వింటున్నట్టే ఉండి మధ్యలో అన్నాడు: "మామూ, పప్పాని ఆఫీసులో బెంచ్ మీద పెట్టారు."

నేను ఊఁ అన్నాను, అంతే.

"రోజంతా పెడతారా? అందరూ చూస్తారా?"

అప్పుడు అర్థమైంది. మా బహనోయీ ప్రాజెక్ట్ అయిపోయింది, కొత్తది ఇంకా రాలేదు. అలాంటివాళ్లని బెంచ్ మీద ఉన్నారంటారని ఐటీ ఇళ్లల్లో అందరికీ తెలుసు. జీతం వస్తుంటుంది కానీ పని ఉండదు, ఎన్నాళ్లు ఉంచుతారో తెలియదు. రాత్రి మెల్లగా మాట్లాడుకున్న ఆ మాట పక్కగదిలో పిల్లాడి చెవిన పడింది. వాడికి తెలిసిన బెంచ్ క్లాస్‌రూమ్‌లోదే. తప్పు చేసినవాణ్ణి దాని మీద నిలబెడతారు, అందరూ నవ్వుతారు. తను స్కూల్లో కూర్చున్నంతసేపూ అక్కడ పప్పా బెంచ్ ఎక్కి నిలబడి ఉన్నాడని వాడు నెల రోజులు మోశాడు. ఎవరికీ చెప్పలేదు, చెబితే పప్పాకి బేఇజ్జతీ అని.

ఆ రాత్రి మా బహనోయీ వాడితో మాట్లాడాడు. "కుచ్ నై హోతా, తూ సోజా" అని ఒక్క ముక్కలో తేల్చేయలేదు. అన్నీ సర్దుకుంటాయని ఒట్టు కూడా వేయలేదు. ఆఫీసు బెంచ్ అంటే ఏంటో చెప్పాడు. జీతం వస్తోందన్నాడు. తనకీ కొంచెం ఘబ్రాహట్ ఉందనీ, కొత్త పని వెతుకుతున్నాననీ, ఆ ఫికర్ పెద్దవాళ్లదనీ, నీ పని స్కూల్‌కి పోవడం, క్రికెట్ ఆడడమేననీ చెప్పాడు. మనం చెప్పకపోతే పిల్లలకి ఏమీ తెలియదనుకుంటాం. సగం విని, మిగతా సగం వాళ్లే కల్పించుకుంటారు. అలా కల్పించుకున్నది ఉన్నదానికన్నా భయంకరంగా ఉంటుంది. పిల్లాడి వయసుకి సరిపడేంత నిజం చెప్పడం వాణ్ణి భయపెట్టడం కాదు.

ఇక వాడి ప్రశ్న. ఘబ్రాహట్‌కి తెలుగులో ఒక్క మాట కాదు, ఒక పెట్టెడు మాటలున్నాయి. గాభరా అనేది మన ఘబ్రానాకి చుట్టమే, తెలుగింట్లో కాపురం పెట్టింది. బేజారు, హైరానా కూడా అంతే, మన బేజార్, హైరాన్. ఇవి కాక వేరే మాటలూ ఉన్నాయి. దూరంగా ఉన్నవాళ్ల కోసం మనసు పీకితే అది బెంగ. ఏదో జరుగుతుందని లోపల కదులుతుంటే గుబులు. మనసు కిందికి దిగిపోతే దిగులు. మన తెలంగాణలో రోజుల తరబడి నమిలేసే చింతకి రంది అంటారు. కోపం వచ్చి ఏమీ చేయలేక ఏడుపు ముంచుకొస్తే ఉక్రోషం. నన్ను ఎవరూ బుజ్జగించడం లేదని మూతి ముడుచుకుంటే అలక. ఇవన్నీ చెబితే వాడు కాసేపు ఆలోచించి గుబులు తీసుకున్నాడు. "పొట్టలో గుబుల్ గుబుల్ అంటుంది మామూ, అదే."

పేరు పెడితే ఏమవుతుందని అడగొచ్చు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలిస్‌లో మాథ్యూ లీబర్‌మన్ అనే సైకాలజిస్ట్, ఆయన సహచరులు 2007లో ఒక పరిశోధన అచ్చు వేశారు. భయం, కోపం నిండిన మొహాల ఫోటోలు పెద్దవాళ్లకి చూపిస్తూ మెదడు స్కాన్ చేశారు. ఆ భావానికి మాటతో పేరు పెట్టినప్పుడు, మెదడులో ప్రమాదఘంటిక మోగించే అమిగ్డలా అనే భాగం కాస్త శాంతించింది. మా అమ్మీకి ఈ పరిశోధన సంగతి తెలియదు. కానీ చిన్నప్పుడు మేం ఏడుస్తుంటే ఆమె ముందు అడిగేది "డర్ హై కీ గుస్సా హై?" అని. జవాబు వెతికేలోపే సగం ఏడుపు ఆగిపోయేది.

మన ఇళ్లల్లో దీనికి అడ్డొచ్చే మాటలు రెండున్నాయి. ఒకటి "మర్ద్ హై తూ, రోతే నై". రెండోది "సబర్ కరో". సబర్ చాలా పెద్ద మాట, దాన్ని మనం పిల్లల నోటికి తాళంలా వాడుతున్నాం. హజ్రత్ యాకూబ్ అలైహిస్సలాం కొడుకు యూసుఫ్ కోసం చూపు పోయేదాకా ఏడ్చారు. అయినా అందమైన సబర్ అంటే మనకి గుర్తొచ్చేది ఆయనే. ఏడుపూ సబర్ ఒకే మనిషిలో ఉండగలవు. హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం సున్నత్‌లో ఇంకో వాకియా ఉంది, బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ కనిపిస్తుంది. హజ్రత్ అనస్ తమ్ముడు అబూ ఉమైర్ చిన్న పిల్లవాడు. ఒక బుల్లి పిట్టని పెంచుకున్నాడు, అది చచ్చిపోయింది. హుజూర్ ఆ పిల్లాణ్ణి పెద్దవాళ్లని పిలిచినట్టు కున్యత్‌తో పిలిచి, నీ పిట్ట ఏమైందని అడిగారు. పిట్టేగా, ఇంకోటి తెస్తానని కొట్టిపారేయలేదు. ఉమ్మత్ అంతటి భారం మోస్తున్న మనిషి ఒక పిల్లాడి పిట్ట గురించి అడిగారు. పిల్లల గమ్‌ని చిన్నదనుకోకూడదని చెప్పడానికి నాకు ఇంతకన్నా పెద్ద దలీల్ అక్కర్లేదు.

గుస్సా వస్తే నిలబడి ఉన్నవాడు కూర్చోవాలని, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలని అబూ దావూద్‌లో హదీస్ ఉంది. వుజూ చేయమనే రివాయత్ కూడా అందులోనే ఉంది. ఈరోజు పిల్లల కౌన్సెలర్లు కూడా ముందు ఒంటిని శాంతపరచాలనే చెబుతారు. బుర్ర వేడెక్కి ఉన్నప్పుడు నసీహత్ ఎక్కదు.

మా భాంజాకి మేం మూడు పనులు నేర్పాం. మొదటిది ఊపిరి. ముక్కుతో మూడు అంకెలదాకా పీల్చడం, బిర్యానీ డేగ్ మూత తీస్తే వాసన చూసినట్టు. నోటితో ఆరు అంకెలదాకా వదలడం, గరమ్ చాయ్ మీద ఊదినట్టు. వదలడం పొడుగ్గా ఉండడమే ముఖ్యం, ఊపిరి బయటికి పోయేటప్పుడే గుండె నెమ్మదిస్తుంది. రెండోది లెక్క. కనిపించేవి ఐదు, తాకగలిగేవి నాలుగు, వినిపించేవి మూడు, వాసనలు రెండు, రుచి ఒకటి. వాళ్ల బాల్కనీ నుంచి ఐదు క్రేన్లు రోజూ కనిపిస్తాయి, ఆ లెక్కకి కొదవ లేదు. భయం ఎప్పుడూ రేపటి గురించే కాబట్టి, ఈ లెక్క పిల్లాణ్ణి ఇప్పుడున్న చోటికి తెస్తుంది. మూడోది వుజూ. మొహం మీద చల్లని నీళ్లు, వేళ్ల సందుల్లో, మోచేతుల దాకా, తొందర లేకుండా, నానీ పక్కన నిలబడి. వుజూ ఇబాదతే, టెక్నిక్ కాదు. అయినా ఆ నీళ్లలో సుకూన్ ఉందని మనలో ఎవరికి తెలియదు?

అయితే ఇవన్నీ ఏడుపు మధ్యలో నేర్పితే పనిచేయవు. ఏడుస్తున్న పిల్లాడితో "లంబీ సాఁస్ లే" అని అరిస్తే ఇంకా ఏడుస్తాడు. మేం సాయంత్రం మంచి మూడ్‌లో ఉన్నప్పుడు ఆటలా చేయించాం, రోజూ రెండు నిమిషాలు. ఈ మాట వెయ్యేళ్ల కిందటే ఒక ముసల్మాన్ ఆలిమ్ రాశాడని తెలిసినప్పుడు నాకు చాలా ఖుషీ అనిపించింది. ఆయన అబూ జైద్ అల్ బల్ఖీ, ఇప్పటి అఫ్గానిస్తాన్‌లోని బల్ఖ్ ప్రాంతంవాడు, 934లో ఇంతకాల్ చేశాడు. ఆయన కితాబ్ 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్'లో ఒక భాగం ఒంటి సెహత్ గురించి, ఇంకో భాగం నఫ్స్ సెహత్ గురించి. కోపం, భయం, దుఃఖం, వస్‌వసా, వీటిని వేరువేరుగా తీసుకుని చర్చించాడు. మందుల్ని ముందే ఇంట్లో దాచుకున్నట్టు, మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడే మంచి ఆలోచనల్ని పోగు చేసి పెట్టుకోవాలని, కష్టం వచ్చిన రోజు అవి అక్కరకొస్తాయని ఆయన సలహా. మా భాంజా తన మందుపెట్టె తనే తయారుచేసుకున్నాడు. ఒక చీటీ మీద రాసి బ్యాగ్ లోపలి జేబులో పెట్టుకున్నాడు. మొదటి వాక్యం: పప్పా కుర్చీలో కూర్చుంటారు.

స్కూల్ మాన్పించడం మాత్రం ఆపేశాం. ఇది చెల్లెకి చాలా కష్టమైంది. పొట్ట పట్టుకున్న పిల్లాణ్ణి బస్ ఎక్కించాలంటే ఏ తల్లికైనా కలేజా కావాలి. కానీ భయపడిన ప్రతిసారీ ఇంట్లో ఉంచితే, ఇల్లు దాటితే నిజంగానే ఖత్రా ఉందని పిల్లాడు నేర్చుకుంటాడు. ఆ పూటకి భయం తగ్గుతుంది, మర్నాటికి ఇంకా పెరిగి వస్తుంది. అలాగని ఒక్కసారిగా తోసేయనూ లేదు. మొదటి వారం చెల్లె బస్‌లో కాకుండా స్కూటీ మీద క్లాస్ దాకా తీసుకెళ్లింది. తర్వాత గేటు దాకా. తర్వాత బస్. "నీకు గుబులుగా ఉందని తెలుసు, నువ్వు చేయగలవని కూడా తెలుసు" అని రెండూ కలిపి చెప్పింది. మొదటి సగమే చెబితే జాలి అవుతుంది, రెండో సగమే చెబితే హుకుం అవుతుంది. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలి లెబోవిట్జ్, ఆయన బృందం 2020లో అచ్చయిన పరిశోధనలో ఇలాంటి దారినే పరీక్షించారు. ఆందోళనతో బాధపడే 7 నుంచి 14 ఏళ్ల పిల్లలు 124 మందిలో కొందరికి నేరుగా థెరపీ ఇచ్చారు. మిగతావాళ్ల విషయంలో కేవలం తల్లిదండ్రులకే తర్ఫీదు ఇచ్చారు. రెండింటి ఫాయిదా ఇంచుమించు ఒకేలా వచ్చింది. ఇంట్లో పెద్దల తీరు మారడం అంత పనిచేస్తుంది.

అన్నీ ఇంట్లోనే తీరిపోతాయని మాత్రం అనను. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చాక మన తెలంగాణలో 20 మందికి పైగా పిల్లలు తమ ప్రాణం తామే తీసుకున్నారు. ఆ రోజుల్లో డెస్క్ మీద ఒక్కో వార్త ఒక్కో ఊరి నుంచి వస్తుంటే చదవడానికి కళ్లు రాలేదు. మార్కుల జాబితాలో తప్పుల గురించి చాలా రాశాం, రాయాల్సిందే. "నాకు భయంగా ఉంది" అని ఇంట్లో చెప్పుకునే వీలు ఆ పిల్లల్లో ఎందరికి దొరికిందన్నది మాత్రం ఏ వార్తలోకీ రాలేదు. మానసిక సమస్యల్లో మూడో వంతు 14 ఏళ్లలోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పద్నాలుగుకి పదేళ్ల ముందు నుంచీ పిల్లలు మన చేతుల్లోనే ఉంటారు.

వారాల తరబడి పిల్లాడు సరిగా నిద్రపోకపోయినా, తిండి తగ్గినా, దోస్తుల్ని వదిలేసినా, స్కూల్‌కి అసలే పోలేకపోయినా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. చచ్చిపోవాలనుంది అన్న మాట ఒక్కసారి వినిపించినా చాలు, అదే రోజు. డ్రామా అనకండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. నంబర్ 14416, పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 ఉంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ అనే పేరుని మనం గాలీలా వాడతాం, "ఎర్రగడ్డకి పోవాలిరా నువ్వు" అని నవ్వుకుంటాం. అక్కడ ఉన్నది మనసు వైద్యానికి సర్కారు దవాఖానా, అంతే. గుండెకి నిమ్స్‌కి పోవడంలో లేని షరమ్ దీనికి ఎందుకు? దువా చదివి ఊదండి, నజర్ తీయండి, నాకేం అభ్యంతరం లేదు. ఊదిన చేత్తోనే డాక్టర్ అపాయింట్‌మెంట్ కూడా తీసుకోండి. ఈమాన్ తక్కువైతేనే ఘబ్రాహట్ వస్తుందని పిల్లలతో మాత్రం అనకండి. జ్వరం వచ్చినవాడితో అలా అనం కదా.

మా భాంజా కడుపునొప్పి ఒక్కరోజులో పోలేదు. దాదాపు రంజాన్ దాకా అప్పుడప్పుడూ వచ్చింది. పరీక్షల ముందు మళ్లీ తొంగిచూసింది. తేడా ఒక్కటే. ఇప్పుడు వాడు పొట్ట పట్టుకుని ముడుచుకోడు, వచ్చి చెబుతాడు: ఈరోజు గుబులు, కొంచెం. లేదా ఈరోజు గుబులు కాదు, అలక. ఆ మాట ఇప్పుడు ఇంటిల్లిపాదిదీ అయిపోయింది. ఉర్దూ తప్ప రాని నానీ కూడా "గుబుల్ హై క్యా మియాఁ?" అంటుంది.

మా బహనోయీకి కొత్త ప్రాజెక్ట్ కోసం ఇంటర్వ్యూ ఉన్న రోజు చెల్లె ఫోన్ చేసి చెప్పింది. ఆయన పొద్దున్నే తయారై, చాయ్ ముట్టకుండా కిటికీ దగ్గర నిలబడ్డాడట. కొడుకు టిఫిన్ ప్లేట్ వదిలేసి వెళ్లి, చెయ్యి పట్టుకుని అడిగాడట: "పప్పా, ఆజ్ తుమ్కు గుబులు హై క్యా?" ఆయన ఉందన్నాడట. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, చాయ్ మీద ఊదినట్టు, ఆరు అంకెలదాకా ఊపిరి వదిలారట.